కెంపు నుండి సమారియము వరకు
లేజరు, సూక్ష్మతరంగ పదార్థములపై ప్రభుత్వ ధనము

కార్తీకమాసమున ఈసన్నపల్లి–రామారెడ్డి కాలభైరవస్వామి ఉత్సవములకు జనము వచ్చినప్పుడు దారి పొడవునను ఆటవస్తువుల అంగళ్ళు వెలియును. బుడగలు, పీకలు, గాజులు, వీటి నడుమ వ్రేలెడంత లోహపు గొట్టము ఒకటి అమ్మకమునకు ఉండును. మీట నొక్కినచో ఎర్రని చుక్క ఎదుటి గోడమీద పడును. అది లేజరు. ఆ ప్రాంతపు ఉన్నత పాఠశాల ఒకదానిలో సైన్సు దినోత్సవమునాడు మాట్లాడుటకు పోయినప్పుడు తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె అట్టి గొట్టమును చూపి, "సార్, ఇది జాతరల యాబై రూపాయలకే అచ్చింది. మరి సర్కారు లేజర్ల కోసం కోట్లు ఎందుకు పెడ్తది?" అని అడిగినది.

ఆనాడు నేను చెప్పిన సమాధానము నాకే తృప్తిగా తోచలేదు. ఈ వ్యాసము ఆ లోటును తీర్చుటకు వ్రాసినది.

ఆ గొట్టములో అసలైన వస్తువు గొట్టము కాదు, కటకము కాదు, బ్యాటరీ అంతకన్న కాదు. ఆవగింజకన్న చిన్నదైన స్ఫటికపు తునక. గాలియము ఆర్సెనైడు పలకపై అల్యూమినియము, గాలియము, ఇండియము, భాస్వరము కలిసిన పలుచని పొరలను ఒకదానిపై ఒకటి పెంచి దానిని చేయుదురు. ఆకుపచ్చ చుక్క వేయు గొట్టము మరింత విచిత్రము. వానిలో పెక్కింటియందు నియోడిమియము కలిపిన స్ఫటికము కంటికి కనబడని పరారుణ కాంతి నిచ్చును. మరియొక స్ఫటికము ఆ కాంతి పౌనఃపున్యమును రెట్టింపు చేసి పచ్చగా మార్చును. (ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లలు ఈ చుక్కను ఒకరి కన్నులలో ఒకరు వేయకుండ చూడవలెను. పచ్చనివానిలో కొన్ని అట్టమీద వ్రాసినదానికన్న ఎక్కువ శక్తి గలవి.) ఈ స్ఫటికములను చేయు నేర్పు ఏ వ్యాపారి పెట్టెలోనుండియు పుట్టలేదు. దశాబ్దముల తరబడి ప్రభుత్వముల ధనముతో పెరిగి, చౌకయైన పిమ్మటనే అది జాతరకు చేరినది.

లేజరుకన్న ముందు సూక్ష్మతరంగములు వచ్చినవి. ఇవి రేడియో తరంగములలో పొట్టివి. తరంగదైర్ఘ్యము సుమారు ఒక మీటరు మొదలు ఒక మిల్లీమీటరు వరకు ఉండును. రాడారు, ఉపగ్రహముల వార్తలు, చేతిఫోనుల స్తంభములు, వంటింటి మైక్రోవేవ్ పొయ్యి, అన్నియు వీనితోనే పనిచేయును. రెండవ ప్రపంచయుద్ధమున రాడారు కొరకు అమెరికా, బ్రిటను ప్రభుత్వములు అపారముగా ఖర్చుచేసినవి. యుద్ధము ముగిసినను ఆ ధనము పూర్తిగా ఆగలేదు. కొలంబియా విశ్వవిద్యాలయములో చార్లెస్ టౌన్స్ పనిచేసిన ప్రయోగశాలను సైనిక శాఖలే పోషించినవి. మిల్లీమీటరు తరంగములను పుట్టించు మార్గము వెదకుటకు అమెరికా నౌకాదళము ఒక సంఘము నేర్పరచెను. 1951లో ఆ సంఘపు సమావేశమునకు వాషింగ్టను వచ్చిన టౌన్స్, ఉదయము తోటలో బల్లమీద కూర్చుండి, అణువులచేతనే తరంగములను బలపరచు ఉపాయమును ఆలోచించెను. 1954లో అమోనియాతో మేజరు పనిచేసినది. కాంతికి అదే సూత్రమును వర్తింపజేసినచో లేజరగును.

ఇచ్చట విద్యార్థులకు ఆసక్తి కలిగించు కథ యొకటి కలదు. 1959లో టి.ఆర్.జి. అను చిన్న సంస్థ, గోర్డన్ గౌల్డ్ ఆలోచనలను పట్టుకొని, లేజరు చేయుటకు మూడులక్షల డాలర్లు కావలెనని అమెరికా రక్షణశాఖవారి ఆర్పా సంస్థను అడిగినది. ఆర్పా 9,99,000 డాలర్లు ఇచ్చినది! అడిగినదానికి మూడు రెట్లకు మించి ఇచ్చు సర్కారును మనము ఎక్కడ చూచితిమి? అయితే పని రహస్యమైపోయినది. గౌల్డు పూర్వపు రాజకీయ సంబంధముల కారణముగా అతనికి అనుమతి దొరకలేదు. తన ఆలోచనపై జరుగు పరిశోధనలో తానే పాల్గొనలేకపోయెను. ఇంతలో 1960 మే 16న హ్యూస్ కంపెనీ ప్రయోగశాలలో థియొడోర్ మైమన్, సుమారు యాభైవేల డాలర్ల కంపెనీ సొమ్ముతో, కెంపు కడ్డీనుండి మొదటి లేజరు కాంతిని రాబట్టెను.

దీనిని చెప్పి "ప్రభుత్వ ధనము వ్యర్థము, ప్రతిభయే చాలు" అనువారు కలరు. ఆ మాట సగమే నిజము. మైమన్‌కు కెంపు గుణములు ఎట్లు తెలిసినవి? అంతకుముందు అతడు అమెరికా సైన్యపు సిగ్నల్ విభాగము కొరకు కెంపు మేజరును చిన్నదిగా చేయు పనిలో ఉండెను. ఆ స్ఫటికమును అతనికి పరిచయము చేసినది సర్కారు సొమ్మే. కృత్రిమ కెంపు మాత్రము నగలవారి కొరకు వచ్చినది. 1902లో ఫ్రాన్సున వెర్నూయి అను శాస్త్రజ్ఞుడు అల్యూమినియము ఆక్సైడు పొడిని జ్వాలలో కరగించి కెంపులను పెంచు పద్ధతిని ప్రకటించెను. ఆభరణములకు చేసిన రాయి అరువది ఏండ్లకు భౌతికశాస్త్రమునకు ఉపయోగపడినది. పదార్థముల చరిత్ర అంతయు ఇట్లే అడ్డదారులతో నిండియున్నది.

కెంపు తరువాత గార్నెట్టులు వచ్చినవి. ఇవి ఒక స్ఫటిక కుటుంబము. మన నవరత్నములలోని గోమేధికము ఈ కుటుంబములోనిదే. ఇట్రియము, ఇనుము కలిసిన గార్నెట్టును 1956లో కనుగొనిరి. అది సూక్ష్మతరంగములను ఒక దిశలో పోనిచ్చి, ఎదురు దిశలో ఆపివేయు పరికరములకు పనికివచ్చును. 1964లో బెల్ ప్రయోగశాలలవారు ఇట్రియము అల్యూమినియము గార్నెట్టులో నియోడిమియము కలిపి లేజరు చేసిరి. లోహములను కోయుటకు, కంటి చికిత్సకు ఇప్పటికిని వాడు 1064 నానోమీటర్ల కాంతి దానిదే. సూక్ష్మతరంగములకు ఒక చెల్లెలు, లేజరుకు ఒక అక్క, ఇంటిపేరు ఒక్కటే.

మన తెలుగునేలకు గార్నెట్టు కొత్త కాదు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా గరీబుపేట గుట్టలలోని ఎర్రని గార్నెట్టు రాళ్ళు ప్రాచీనకాలముననే సముద్రము దాటినవి. తొలి బైజాంటైను యుగమునాటి చెక్కిన రాయి యొకటి గరీబుపేటదేనని 2018లో శాస్త్రజ్ఞులు దానిలోని సూక్ష్మ ఖనిజములను పోల్చి చూపిరి. నెల్లూరుజిల్లా గూడూరు ప్రాంతపు అభ్రకము సంగతియు ఇట్టిదే. విద్యుత్తును ఆపును, వేడికి ఓర్చును, కాగితముకన్న పలుచగా చీలును. రేడియో వాల్వులలోని లోహపు భాగములను నిలిపి ఉంచిన బిళ్ళలు అభ్రకపువి. కండెన్సరులలో అభ్రకము, రాడారు గొట్టముల కిటికీలలో అభ్రకము. రెండవ యుద్ధమున భారతదేశపు అభ్రకమును కొనుటకు బ్రిటను, అమెరికాలు కలిసి ప్రత్యేకముగా ఒక సంఘమునే ఇచ్చటికి పంపినవి. సర్కారు ధనము గనుల దగ్గరకు వచ్చినది నిజమే. కాని అది రాయిని కొనుటకు వచ్చినది, రాయిని గూర్చి తెలిసికొనుటకు కాదు. గూడూరులో ఆడకూలీలు పొరలు చీల్చిరి. ఆ పొరలు ఏ యంత్రములోనికి పోవునో వారికి ఎవరును చెప్పలేదు.

తెలిసికొను పని వేరొకచోట మొదలైనది. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతముగారు హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తాకు పోయి రామన్‌గారి దగ్గర చేరిరి. 1930లో వజ్రముపై రామన్ ఫలితమును పరిశీలించిరి. పిదప వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమున స్ఫటికముల స్థితిస్థాపకతను అతిధ్వనులతో కొలుచు పరిశోధనను నడిపిరి. ఆ సైన్సు కళాశాలను నిలబెట్టినది ముఖ్యముగా జయపురము మహారాజా విక్రమదేవవర్మగారి దానము. ఆ కాలమున మన దేశమున పరిశోధన చాలవరకు దాతల దయమీద నడచినది.

1942లో భగవంతముగారు, ఒత్తిడికి లోనైన స్ఫటికములలో కాంతి నడకను గూర్చి జర్మను శాస్త్రజ్ఞుడు పోకెల్స్ ఇచ్చిన పట్టికలలో కొన్ని స్ఫటిక వర్గములకు తప్పులున్నవని చూపిరి. అప్పటికి లేజరు లేదు. నేడు లేజరు కిరణమును ధ్వని తరంగములతో మళ్ళించు పరికరములు ఈ గుణముమీదనే ఆధారపడును. ఆ పత్రమునకు 1942లో "దీనివలన ప్రయోజనమేమి?" అని ఎవరైన అడిగియున్నచో ఆయన ఏమి జవాబు చెప్పగలిగియుండెడివారో!

భగవంతముగారు 1952 నుండి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులు. తరువాత బెంగుళూరు విజ్ఞానసంస్థకు డైరెక్టరు. 1961 నుండి 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు. ఆ దశాబ్దపు ఆరంభముననే హైదరాబాదులో రక్షణ శాఖ ప్రయోగశాలలు వరుసగా వెలసినవి. క్షిపణులకు ఒకటి, ఎలక్ట్రానిక్సుకు ఒకటి, 1963లో లోహములకు ఒకటి. చైనా యుద్ధమునకు తరువాతి సంవత్సరమది. లోహ పరిశోధనశాల ఫలితములను పెద్ద ఎత్తున తయారుచేయుటకు 1973లో కంచన్‌బాగులో మిశ్రధాతు నిగమ్ ఏర్పడినది. 1971లో అణుశక్తిశాఖవారు స్థాపించిన అణు ఇంధన సముదాయములో గాలియము, ఇండియము వంటివానిని అతిశుద్ధముగా చేయు విభాగమొకటి వచ్చినది. 1990లో ఎలక్ట్రానిక్సు శాఖ సి-మెట్ అను సంస్థను ప్రారంభించినది. దాని హైదరాబాదు కేంద్రపు పని శుద్ధిచేయుటయే. 99.99999 పాళ్ళ శుద్ధి యనగా కోటి పరమాణువులలో పరాయిది ఒక్కటి. కామారెడ్డి, నిజామాబాదు జిల్లాల జనమంతయు ఒకచోట చేరి, ఇంకను అంతకు రెట్టింపు జనము వచ్చి కలిసినను, అందులో ఒక్క అపరిచితుడే యుండవలెనన్నమాట.

ఇప్పుడు ఒక్క పదార్థమును పట్టుకొని దాని దారినంతయు నడచి చూతము. ఆ పదార్థము సమారియము–కోబాల్టు అయస్కాంతము.

రాడారులోను, ఉపగ్రహములోను సూక్ష్మతరంగములను బలపరచు గొట్టమును ప్రగామి తరంగ గొట్టమందురు. దాని నడుమ సన్నని ఎలక్ట్రానుల ధార ప్రవహించును. ఎలక్ట్రానులన్నియు ఋణావేశము గలవి, ఒకదానినొకటి త్రోసికొనును. వదలిపెట్టినచో ధార విచ్చుకొని గోడలకు తగిలి గొట్టము కాలిపోవును. అందుచే గొట్టము చుట్టును చిన్న ఉంగరములవంటి అయస్కాంతములను, ఒకదాని ఉత్తరధ్రువమునకు ఎదురుగా మరియొకదాని ఉత్తరధ్రువము వచ్చునట్లు, వరుసగా తొడుగుదురు. ఇవి మిక్కిలి బలముగా ఉండవలెను, ఎదురు ధ్రువముల ఒత్తిడికి లొంగరాదు, వేడెక్కినను బలము కోల్పోరాదు. ఒకప్పుడు దీనికి ప్లాటినము–కోబాల్టు వాడిరి. ప్లాటినము ధర సంగతి చెప్పనక్కరలేదు. 1966 ప్రాంతమున ఒహాయోలో అమెరికా వైమానికదళపు పదార్థముల ప్రయోగశాలలో కార్ల్ స్ట్రనాట్ బృందము విరళమృత్తిక లోహములను కోబాల్టుతో కలిపినచో అద్భుతమైన అయస్కాంతములు వచ్చునని కనుగొనెను. ఇదియు సర్కారు ప్రయోగశాలయే. తరువాత వచ్చిన నియోడిమియము–ఇనుము అయస్కాంతము ఇంకను బలమైనది, చౌకయైనది. కాని సుమారు 310 డిగ్రీలకే దాని అయస్కాంతత్వము పూర్తిగా పోవును. సమారియము–కోబాల్టు ఏడువందల డిగ్రీలవరకు దానిని విడువదు. కనుక వేడిలో పనిచేయు సూక్ష్మతరంగ గొట్టములకు ఇప్పటికిని అదియే శరణ్యము.

తయారుచేయుట వినుటకు సులభము. సమారియము ఆక్సైడునుండి కాల్షియము వంటి లోహముతో ప్రాణవాయువును లాగివేసి, కోబాల్టుతో మిశ్రమము చేయవలెను. దానిని కొన్ని మైక్రానుల పొడిగా నూరవలెను. ఆ పొడి గాలి తగిలినచో మండును. పొడిలోని ప్రతి రేణువును ఒకే దిశకు తిరుగునట్లు అయస్కాంత క్షేత్రములో ఉంచి అదుమవలెను. పిదప వేయి డిగ్రీలకు పైబడిన వేడిలో కాల్చి, నెమ్మదిగా చల్లార్చవలెను. ఏ ఒక్క దశలో తప్పినను చేతికి వచ్చునది పెళుసైన నల్లరాయి.

హైదరాబాదు లోహ పరిశోధనశాలవారు 1980లలో ఈ విద్యను పట్టుబడిచేసికొనిరి. 1982లో ఆ ప్రయోగశాలకు డైరెక్టరైన పల్లె రామారావుగారు కృష్ణాజిల్లావారు. తరువాత ఢిల్లీలో శాస్త్ర సాంకేతిక శాఖ కార్యదర్శిగా పరిశోధనలకు ధనము పంచు బల్లకు ఆవలివైపున కూర్చుండిరి. తమకు కావలసిన అయస్కాంతములను ప్రయోగశాలవారు కొద్దికొద్దిగా చేసికొనుచునే ఉండిరి. కాని కర్మాగారము? విశాఖపట్టణమున భాభా అణు పరిశోధన కేంద్రపు ఆవరణలో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థవారి శాశ్వత అయస్కాంతముల కర్మాగారము 2023 మే 11న జాతికి అంకితమైనది. దాని సామర్థ్యము ఏడాదికి 3,000 కిలోలు. ప్రయోగశాల బల్లకును ఆ ద్వారమునకును నడుమ మూడు దశాబ్దములకు మించి గడచినవి!

ఈ ఆలస్యమునకు శాస్త్రజ్ఞులను మాత్రమే నిందించుట అన్యాయమని నా అభిప్రాయము. సమారియము మోనజైటు ఇసుకలో దొరకును. భీమునిపట్టణపు తీరమునను ఆ ఇసుక కలదు. కాని దానిలో థోరియము ఉండుటచే అది అణుశక్తిశాఖ అధీనమునకు పోవును. విరళమృత్తికలన్నిటిలో సమారియము నూటికి రెండు మూడు పాళ్ళు. ఇసుక ఒడిస్సాలో, శుద్ధి కేరళలో, విద్య హైదరాబాదులో, గొట్టము బెంగుళూరులో. దేశమునకు ఏడాదికి కావలసినది కొన్ని వేల కిలోలు. ఏ వ్యాపారి ఇంత కొద్ది సరుకుకు కొలిమి కట్టును? బజారులో చైనా సరుకు చౌకగా దొరకుచుండగా ఏ గుమాస్తా ఖరీదైన స్వదేశీ కొలిమికి ఫైలు కదపును? పరిశోధనకు ధనమిచ్చు పద్దు ఒకటి, ఉత్పత్తికి ఇచ్చు పద్దు ఇంకొకటి. ఆ రెండింటి నడుమనున్న గండికి పద్దే లేదు.

చౌకసరుకు ఎల్లప్పుడు దొరకునన్న నమ్మకము పలుమారులు చెదరినది. 1998లో పోఖ్రాన్ పరీక్షల తరువాత అమెరికా మన రక్షణ, అంతరిక్ష సంస్థలను పెక్కింటిని నిషేధపు పట్టికలో చేర్చెను. సూక్ష్మతరంగములకు, లేజరులకు కావలసిన అర్ధవాహకములపై పనిచేయు ఢిల్లీ ఘనస్థితి భౌతికశాస్త్ర ప్రయోగశాల పేరు 2011 జనవరి వరకు అందులో నుండెను. 2023 ఆగస్టునుండి చైనా గాలియము, జెర్మేనియముల ఎగుమతికి అనుమతిపత్రము తప్పనిసరి చేసినది. 2025 ఏప్రిలులో సమారియము, ఇట్రియములతో కూడ ఏడు విరళమృత్తికలను అదే కట్టడిలోనికి తెచ్చినది. అయస్కాంతపు సమారియము, గార్నెట్టు ఇట్రియము, జాతర గొట్టపు గాలియము మూడును ఆ జాబితాలకు ఎక్కినవి. అదే సంవత్సరము నవంబరులో మన కేంద్ర మంత్రివర్గము ఏడాదికి ఆరువేల టన్నుల విరళమృత్తిక అయస్కాంతముల తయారీకి 7,280 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది.

అర్ధవాహకముల కథ దీనికన్న కొంత మెరుగుగా నడచినది. గాలియము ఆర్సెనైడుతో సూక్ష్మతరంగ చిప్పులు చేయుటకు హైదరాబాదులో గేటెక్ అను కేంద్రము వెలసి, రాడారులకు ఉపగ్రహములకు వానిని సరఫరా చేసినది. ఇప్పుడు ఆ స్థానమును గాలియము నైట్రైడు ఆక్రమించుచున్నది. అది ఎక్కువ వేడిని, ఎక్కువ వోల్టేజిని ఓర్చును. కాని దానిని పెంచుటకు సిలికాను కార్బైడు పలక కావలెను. ఢిల్లీ ప్రయోగశాల నాలుగు అంగుళముల పలకను స్వయముగా పెంచి, దానిపై 150 వాట్ల ట్రాన్సిస్టరులను చేసినట్లు 2024 నవంబరులో రక్షణశాఖ ప్రకటించినది. పరిమితమైన ఉత్పత్తి గేటెక్‌లోనే మొదలైనది. ప్రయోగశాల, కర్మాగారము రెండును ఒకే శాఖ చేతిలో ఉన్నప్పుడు గండి ఎంత ఇరుకగునో ఇందువలన తెలియును.

లేజరు ఆయుధముల వార్త పత్రికలలో అందరును చదివినదే. హైదరాబాదు అధికశక్తి వ్యవస్థల కేంద్రము 2025 ఏప్రిలు 13న కర్నూలు దగ్గరి ప్రయోగక్షేత్రమున, వాహనముపై అమర్చిన లేజరుతో ఎగురుచున్న డ్రోనులను కూల్చినది. దాని శక్తి ముప్పది కిలోవాట్ల తరగతిది. జాతర గొట్టము అయిదు మిల్లీవాట్లనుకొన్నచో ఇది దానికి అరువది లక్షల రెట్లు. ఆ బాలికకు నేను మొట్టమొదట చెప్పవలసియుండిన మాట ఇదే.

విశ్వవిద్యాలయముల సంగతికి వచ్చినచో నా కలము కొంచెము చేదెక్కును. నేను ఎం.ఎస్‌సి. చదువు దినములలో ఇట్రియము–ఇనుము గార్నెట్టు బిళ్ళను చేయుట నా ప్రాజెక్టు. కావలసినది కొన్ని గ్రాముల ఇట్రియము ఆక్సైడు. మూడు కొటేషన్లు, రెండు సంతకములు, ఒక అభ్యంతరము, మరల మూడు కొటేషన్లు. సీసా వచ్చునప్పటికి మా పరీక్షలు ముగిసినవి. నేను జింకు ఫెర్రైటుతో సరిపెట్టుకొంటిని. ఆ సీసాను నా తరువాతివారైన వాడిరేమో! మన దేశము పరిశోధనలపై చేయు ఖర్చు 2020–21లో స్థూల దేశీయోత్పత్తిలో నూటికి 0.64 పాళ్ళు. 2023 చట్టముతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థకు అయిదేండ్లలో యాభైవేల కోట్లు చేకూర్చవలెనని సంకల్పము. అందులో అధికభాగము ప్రభుత్వేతరుల నుండి రావలెనని అంచనా. మొత్తము పెద్దదే. జిల్లా కళాశాలలోని విద్యార్థికి సీసా సకాలమున చేరునా అన్నది ఆ అంకె చెప్పదు.

ఆ పాఠశాలకు మరల పోయితిని. చెడిపోయిన ఎర్ర గొట్టము నొకదానిని జాగ్రత్తగా విప్పి, లోపలి తునకను సూక్ష్మదర్శిని క్రింద పెట్టితిమి. బంగారు తీగ ఒకటి వెంట్రుకవలె దాని నెత్తికి అంటియున్నది. ముందుగా ప్రశ్న అడిగిన బాలికయే చూచినది, చాలసేపు లేవలేదు. గంట కొట్టిన పిదప కూడ వరుసలో ఇరువదిమంది నిలిచియుండిరి.